చింతపండులో కత్తి

ఇన్వర్‌కార్గిల్ వాన సాక్షిగా ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇక్కడ రాసిన ప్రతి ముక్కా నిజం. వాన మీద ఒట్టేమిటి, దేవుడి మీద వెయ్యొచ్చుగా అంది మా ఆవిడ. దేవుణ్ణి సాక్ష్యానికి పిలిస్తే వస్తాడో రాడో తెలియదు. ఆ ఊరి వాన అలా కాదు. పిలిచినా పిలవకపోయినా అడ్డంగా వచ్చి నిలబడుతుంది. ఇంతకంటే గట్టి సాక్షి నాకు దొరకడు.

ఇన్వర్‌కార్గిల్ న్యూజిలాండ్‌కి దక్షిణపు కొస. అది దాటితే బ్లఫ్ రేవు, రేవు దాటితే సముద్రం, సముద్రం దాటితే పెంగ్విన్లు. రెండువేల పదమూడు, పద్నాలుగు ప్రాంతాల మాట. మా ఆవిడకి అక్కడి వృద్ధుల ఆశ్రమంలో నర్సు ఉద్యోగం వస్తే, ఆమె వెనక సూట్‌కేసులు మోసుకుంటూ నేనూ వెళ్లాను. ఒంగోల్లో మోటారు విడిభాగాలు అమ్మిన అనుభవం ఉంది కాబట్టి అక్కడా ఒక విడిభాగాల షాపులో కౌంటర్ వెనక నిలబడ్డాను. వెళ్లిన మొదటి వారంలోనే దండెం మీద ఆరేసిన నా గళ్ల లుంగీ గాలికి ఎగిరిపోయింది. నాలుగు రోజుల తర్వాత చూస్తే రెండు వీధుల అవతల ఒకాయన దాన్ని కిటికీకి కర్టెన్‌గా వేసుకున్నాడు. అడిగితే, అది ఎగురుకుంటూ వచ్చి సరిగ్గా ఆ కిటికీకే అతుక్కుందనీ, కొలత కూడా సరిపోయిందనీ చెప్పాడు. తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు.

కత్తుల గొడవ షాపులో మొదలైంది. పొద్దున పది గంటల టీ విరామాన్ని అక్కడ స్మోకో అంటారు. ఆ పావుగంటా జింకలు, అడవి పందులు, చేపలు, వాటిని కోసే కత్తులు తప్ప ఇంకో మాట ఉండేది కాదు. నా దగ్గరున్న ఆయుధమల్లా గోళ్లు తీసుకునే నెయిల్ కట్టర్. మంచి మనుషులు కనుక, నేను ఒంటరిగా ఉన్నానని తలచి మధ్యమధ్యలో నన్ను కూడా పలకరించేవాళ్లు. "మీ ఇండియాలో ఇప్పుడు ఎండగా ఉంటుందా?" అని. ఉంటుంది అనేవాణ్ణి. అక్కడితో సంభాషణ అయిపోయేది.

మాటల్లో వెనకబడటం నా ఒంటికి పడదు. ఆ చలికాలమంతా హీటర్ పక్కన కూర్చుని ఇంటర్నెట్‌లో కత్తుల గురించి చదివాను. అడవిలో మోటు పనికి ఏ స్టీలు మంచిదని అక్కడ మనుషులు అన్నదమ్ములు ఆస్తి కోసం కొట్టుకున్నట్టు కొట్టుకుంటారు. సారాంశం చెబుతాను, పెద్ద కష్టం కాదు. ఇనుములో కాస్త కార్బన్ కలిపితే స్టీలు. కార్బన్ పెరిగేకొద్దీ గట్టితనం వస్తుంది, పదును నిలుస్తుంది, దాంతో పాటు పెళుసుదనమూ వస్తుంది. క్రోమియం బాగా దట్టిస్తే తుప్పు పట్టదు, అది మన వంటింటి స్టెయిన్‌లెస్. ఇక ఈ కాలపు వింత పౌడర్ స్టీల్. కరిగిన లోహాన్ని పొడిగా మార్చి, ఆ పొడిని మళ్లీ వేడి మీద గట్టిగా నొక్కి ముద్ద చేస్తారు. మా ఆవిడ మినప్పిండితో సున్నుండలు చుట్టినట్టే, నెయ్యి ఒక్కటే తక్కువ.

ఆ పౌడర్ స్టీలు కత్తి ఒకటి తెప్పించుకున్నాను.

"ఎంత కోసినా పదును పోదు. మధ్యలో సాన పట్టకుండా జింకను మొత్తం విప్పేయొచ్చు దీంతో," అన్నాను.

"మనింట్లో జింక ఎక్కడుందండీ?" అంది మా ఆవిడ.

"రేపెప్పుడైనా అవసరం పడొచ్చు."

"రేపు బంగాళాదుంప వేపుడు. దానికి పీలర్ ఉంది."

పీలర్‌తో పోటీ పడలేక ఆ కత్తిని పెరట్లోకి తీసుకెళ్లి, పొయ్యిలోకి పుల్లలు చీలుస్తూ కూర్చున్నాను. అప్పుడు కంచె మీదుగా పక్కింటి పెద్దాయన తల కనిపించింది.

ఆయనకు డెబ్బై నిండాయి. అక్కడి మాంసం ఫ్యాక్టరీలో నలభై ఏళ్లు గొర్రెలు కోసి రిటైరయ్యాడు. ఆ దక్షిణపు వాళ్ల ఇంగ్లీషు మిగతా దేశం వాళ్లలా ఉండదు, "ర" వచ్చిందంటే మన వాళ్లలాగే నాలుక మడిచి దొర్లిస్తారు. అందుకే ఆ దేశంలో ఆయన మాట ఒక్కటే నాకు మొదటిసారికే అర్థమయ్యేది. నేను ఆయన్ని అంకుల్ అనేవాణ్ణి. కొత్తలో ఆయన కంగారు పడి, తనకి ఇండియాలో చుట్టాలున్న సంగతి వాళ్లమ్మ ఎప్పుడూ చెప్పలేదన్నాడు. తర్వాత అలవాటు పడ్డాడు.

"కొత్త కత్తా, మేట్?"

ఒక చలికాలం చదువంతా ఆయన మీద కుమ్మరించాను. కార్బన్, క్రోమియం, వెనేడియం, గట్టితనపు కొలతలు, చివరికి సున్నుండల పోలిక కూడా. ఆయన గడ్డం కంచె మీద ఆనించి చివరిదాకా విన్నాడు.

"మా నాన్న కత్తి స్టీలేమిటో నాకు తెలీదు. కోస్తుంది," అన్నాడు.

ఇంట్లోకెళ్లి తెచ్చి చూపించాడు. పాత కార్బన్ స్టీలు. చెక్క పిడి అరిగి అరిగి నదిలో రాయిలా నునుపెక్కింది. ప్రభుత్వం జీతమిచ్చి మనుషుల చేత కొండల్లో జింకలను వేటాడించిన రోజుల్లో వాళ్ల నాన్న ఆ పని చేసేవాడట. అంత పాత కత్తి అద్దంలా తళతళలాడుతోంది. ప్రతి క్రిస్మస్‌కీ తన భార్య పాలిష్ పెట్టి తోముతుందని చెప్పాడు.

"ఇంతకీ నీకివన్నీ ఎలా తెలుసు?" అన్నాడు.

ఇంటర్నెట్‌లో చదివానంటే సరిపోయేది. కాని ఆ మాటకి రుచేముంది?

"మా తాత కమ్మరి. ఏడు తరాలుగా మాకదే పని," అన్నాను.

మా తాత పోస్టుమాస్టరు. ఇనుముతో ఆయనకున్న బంధుత్వం ఉత్తరాల మీద ముద్ర కొట్టే సుత్తి వరకే.

అన్న మాట ఊరికే పోదు. ఏప్రిల్‌లో మగ జింకలు అరుస్తాయి, దాన్ని అక్కడ రోర్ అంటారు. ఏటా ఆ రోజుల్లో పెద్దాయన ఇద్దరు స్నేహితులతో కలిసి ఫియోర్డ్‌ల్యాండ్ కొండల్లోకి వెళ్లి తొమ్మిది రోజులుండి వస్తాడు. ఆ శుక్రవారమే ప్రయాణం. ఆయన అల్లుడు కొత్తగా ఒక స్టెయిన్‌లెస్ కత్తి బహుమతిచ్చాడు. నా పౌడర్ స్టీలు ఉంది, వాళ్ల నాన్నది ఉంది. మూడింటిలో కొండ మీద ఏది నమ్మొచ్చో ఏడు తరాల కమ్మరి మనవడు తేల్చాలన్నాడు. ఆదివారం వాళ్ల పెరట్లో పోటీ పెట్టాం. ఆయన భార్య, పెద్దావిడ, చీజ్ స్కోన్లనే బన్నుల్లాంటివి చేసింది, మా ఆవిడ మిరపకాయ బజ్జీలు వేసుకొచ్చింది. ఒక్క బజ్జీ తిన్నాక పెద్దాయన కాసేపు వానలో నిలబడి నోరు తెరుచుకున్నాడు.

మొదట తాడు. బ్లఫ్ నుంచి తెచ్చిన పాత పడవ తాడును ముక్కలు ముక్కలుగా కోస్తూ పోవాలి, కాగితాన్ని శుభ్రంగా కోయలేని స్థితి వచ్చినప్పుడు ఆ కత్తి ఔట్. లెక్క పెట్టేది మా ఆవిడ. అల్లుడి స్టెయిన్‌లెస్ నలభై ముక్కలకి చేతులెత్తేసింది. నాన్నగారి కత్తి తొంభై దాటింది. నాది రెండు వందల దగ్గర కూడా కాగితాన్ని వెన్నలా కోస్తుంటే తాడే అయిపోయింది. నా ఛాతీ ఎంత పొంగిందంటే చొక్కా రెండో బొత్తాం ఊడి స్కోన్ల పళ్లెంలో పడింది.

తర్వాత కట్టె. మనూకా అని అక్కడొక చెట్టు, దాని కట్టె రాయికి మేనల్లుడు. కత్తిని కట్టె మీద నిలబెట్టి, వెనక నుంచి ఇంకో దుంగతో మోది చీల్చాలి. స్టెయిన్‌లెస్ అంచు కాస్త పక్కకి ఒరిగింది, అంతే. నాన్నగారిది ఏమీ ఎరగనట్టు దిగిపోయింది. నాది కట్టెలో ముడి తగిలిన చోట టిక్కుమంది. తీసి చూస్తే అంచు మీద బియ్యపు గింజంత ముక్క లేదు.

మా ఆవిడ అంది తెలుగులో: "పెళుసుదనం గురించి చదివారు కదా. ఆ పేజీ వచ్చేసరికి నిద్రపోయారా?"

మూడోది ఉప్పునీళ్లు. ఒరెటి బీచ్ నుంచి బకెట్‌తో సముద్రం తెచ్చాను. మూడు కత్తుల్నీ అందులో రెండు రోజులు ముంచి ఉంచాలన్నాను. పెద్దాయన వాళ్ల నాన్న కత్తిని చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"దీన్ని తడిస్తే తుడుస్తాం, మేట్. నానబెట్టం."

"పోటీ అంటే పోటీ కదా అంకుల్," అన్నాను. అప్పటికే నా కత్తి అంచున ముక్క ఊడింది, తుప్పు దగ్గరైనా గెలవాలని నా తాపత్రయం. ఆయన అయిష్టంగానే బకెట్‌లోకి జార్చాడు.

మంగళవారం సాయంత్రం వాళ్ల గ్యారేజీలో తీశాం. స్టెయిన్‌లెస్ పెట్టినట్టే ఉంది. నా దాని మీద రెండు చుక్కలు. నాన్నగారి కత్తి నిండా నారింజ రంగు మచ్చలు, పిడి దగ్గర పొక్కులు. పెద్దావిడ టీ కప్పులతో గ్యారేజీలోకి వచ్చి అది చూసి కప్పులు కింద పెట్టేసింది.

"నేను క్రిస్మస్‌కి తోమిన కత్తేనా ఇది?"

పెద్దాయన దాన్ని తువ్వాలుతో తుడుస్తూ ఉండిపోయాడు. నా వంక చూడకుండా అన్నాడు: "ఇది లేకుండా నేను ఎప్పుడూ కొండెక్కలేదు. ఈ మోకాళ్లు చూస్తే ఇదే ఆఖరిసారేమో. ఆఖరిసారి వేరే కత్తితో వెళ్లాలా?"

అప్పుడైనా నోరు మూసుకుని ఉండాల్సింది. నేనే బకెట్ తెచ్చినవాణ్ణి. "నాకివ్వండి. మా తాత పద్ధతి ఒకటుంది. గురువారం సాయంత్రానికి కొత్తదానిలా తెచ్చిస్తాను," అన్నాను. పెద్దావిడ దాన్ని పాత దిండుగలీబులో చుట్టి నా చేతిలో పెట్టింది. పసిపిల్లను అప్పగించినట్టు రెండు చేతులతో.

మా తాత పద్ధతంటే స్టాంపు మీద సుత్తితో కొట్టడం. అది పనికి రాదు. బుధవారం పొద్దున షాపుకి వెళ్లే ముందు ఆలోచిస్తుంటే మా అమ్మ గుర్తొచ్చింది. పండగ ముందు రోజు ఇత్తడి బిందెలు, రాగి చెంబులు ముందేసుకుని చింతపండుతో తోమేది. నల్లగా ఉన్న చెంబు క్షణంలో ఎర్రగా బంగారంలా వచ్చేది. రాగికి పనిచేసింది ఇనుముకి ఎందుకు చెయ్యదు, లోహం లోహమే కదా అనుకున్నాను. ఒక చలికాలం స్టీలు చదివినవాడి తెలివి అది.

పిడికి ప్లాస్టిక్ కవరు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, కత్తిని లోతైన బేకింగ్ పళ్లెంలో పడుకోబెట్టాను. ఒక పూర్తి చింతపండు పాకెట్టు విప్పి దాని మీద పరిచి, నీళ్లు పోసి మూత పెట్టాను. పది నిమిషాలు చాలనుకున్నాను. ఈలోపు ఒంగోలు నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. వాడి మోటార్ సైకిల్‌కి క్లచ్ పట్టేసిందట, శబ్దం ఎలా వస్తోందో నోటితో చేసి వినిపించాడు. ఆ శబ్దానికి మందు చెప్పి టైము చూస్తే షాపు తెరిచే వేళ దాటింది. పరుగెత్తాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆవిడ వంటింట్లో గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"ఏవండీ, రేపు ఎవరినైనా భోజనానికి పిలిచారా?"

"లేదే."

"మరి పాతిక మందికి పులిహోర కలిపేంత చింతపండు ఎందుకు నానబెట్టారు? మీ షాపు వాళ్లని పిలిచి నాకు చెప్పడం మర్చిపోయారేమో అనుకున్నాను. సరిగ్గా నానడం లేదని మధ్యాహ్నం మరిగే నీళ్లు పోశాను. మళ్లీ మూడింటికి ఇంకోసారి పోశాను. ఇప్పుడు గుజ్జు తీద్దామని గరిటె పెడితే టంగుమంది."

ఇద్దరం కలిసి బయటికి తీశాం. తుప్పు లేదు, నిజమే. మెరుపూ లేదు. మొన నుంచి పిడి దాకా కత్తి మా అమ్మ దోసెల పెనం రంగులో ఉంది. మామూలు నలుపు కాదు, కాస్త నీలం కలిసిన నిగనిగలాడే నలుపు. వేడి వేడి పులుపు కార్బన్ స్టీలును కొరికితే ఏమవుతుందో నేను చదివిన చర్చల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. ఆ పేజీకి కూడా నిద్రపోయి ఉంటాను.

గిన్నెలు తోమే పొడి, వంటసోడా, స్టీలు పీచు, అన్నీ వేసి రుద్దాను. ఒక చోట రూపాయంత మేర బూడిద రంగు తేలింది. గజకర్ణం పట్టినట్టు తయారైంది. దాన్ని చూడలేక మళ్లీ అరగంట వేడి చింతపండులో పడుకోబెట్టి ఆ మచ్చ కూడా నలుపు చేశాను. పైగా పులుపు అంచును కూడా తినేసింది, అరటిపండు కూడా తెగేలా లేదు. సానరాయి లేదు కనుక కాఫీ మగ్గు బోర్లించి, అడుగున గరుకుగా ఉండే అంచు మీద పట్టాను. ఇరవై సార్లు అటూ ఇటూ లాగానో లేదో వెంట్రుక తెగే పదును వచ్చింది. నా పౌడర్ స్టీలు కత్తిని అదే మగ్గు మీద గంట లాగితే మగ్గు అరిగింది, కత్తి అరగలేదు. పాత కార్బన్ స్టీలును మనుషులు ఎందుకు వదలరో ఆ వంటింట్లో నాకు అర్థమైంది. అర్థమైన సమయమే మంచిది కాదు.

"వెళ్లి నిజం చెప్పండి," అంది మా ఆవిడ.

"ఏ నిజం?"

"మీ దగ్గర ఎన్ని ఉన్నాయేంటి?"

గురువారం సాయంత్రం దిండుగలీబు చంకలో పెట్టుకుని వెళ్లాను. పెద్దావిడ బజారుకెళ్లింది. పెద్దాయన గ్యారేజీలో ఒక్కడే కూర్చుని సామాన్లు సర్దుకుంటున్నాడు. కత్తి విప్పి ఆయన చేతిలో పెట్టి, ఆయన నోరు తెరిచేలోపు నేను తెరిచాను. ఇది మా తాతల నాటి విద్య అన్నాను. ఒక పండు పులుపును ఇనుము చేత తాగించాలనీ, తాగిన ఇనుముకి తుప్పు పట్టదనీ చెప్పాను. మా వైపు నల్లమల అడవిలోకి వెళ్లేవాడెవడూ మెరిసే కత్తి పట్టుకెళ్లడనీ, అది పులికి మైలు దూరం నుంచి కనిపిస్తుందనీ, మా తాత చేత నలుపు పెట్టించుకోకుండా అడవికెళ్లిన ఇద్దరు ఇప్పటికీ తిరిగి రాలేదనీ చెప్పాను. ఆయన కళ్లు పెద్దవి చేసుకుని విన్నాడు. ప్రతి మాటా నమ్మాడు. చివర్లో లేచి నిలబడి నా చెయ్యి ఊపాడు.

శుక్రవారం తెల్లవారి ఆయన బండి వెళ్లిపోయింది. మూడు కత్తులూ పట్టుకెళ్లాడు. ఆ తొమ్మిది రోజులూ నేను షాపులో బ్రేక్ ప్యాడ్ అడిగినవాడికి వైపర్ ఇచ్చాను. ఫియోర్డ్‌ల్యాండ్‌లో కురిసే వాన ముందు మా సాక్షి చిన్నపిల్ల. ఆ వానలో కత్తి మళ్లీ తుప్పెక్కితే? పులుపు లోపలి దాకా తిని, ఎముక మీద విరిగిపోతే? ఆఖరిసారి అని ఆయన అన్న మాట చెవిలో తిరుగుతూ ఉండేది. మా ఆవిడ రోజూ కంచె అవతలికి చూసి, "ఇంకా రాలేదండీ మీ తాత గారి కస్టమరు," అనేది.

పదో రోజున వచ్చాడు. గడ్డం పెరిగి, కుంటుతూ, నవ్వుతూ. కంచె మీదుగా ఒక జింక తొడ నాకు అందించి, తర్వాత తీర్పు చెప్పాడు.

"మీ సున్నుండల స్టీలు మొదటి జింకను మొత్తం విప్పింది, సాన అడగలేదు. రెండో జింక దగ్గర మొద్దుబారింది. ఇక మేం దిగిన గుడిసెలో ఎవరి దగ్గరున్న రాయికీ లొంగలేదు. అల్లుడి కత్తి రోజూ సాన అడిగింది, కాని ఎంత తడిసినా పట్టించుకోలేదు. ట్రౌట్ చేపలకీ, రొట్టె మీద వెన్నకీ అదే." ఆగాడు. "నాన్నది ఏటి రాయి మీద రెండు నిమిషాలు పట్టేవాణ్ణి, మిగతా రోజంతా నాదే. చూడు."

చూశాను. నలుపు అలాగే ఉంది. తుప్పు మచ్చ ఒక్కటి లేదు.

ఆ వారంలో ఆయన స్నేహితులిద్దరూ తమ కత్తులు గుడ్డల్లో చుట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. తర్వాత వాళ్ల స్నేహితులు. షాపులో స్మోకోకి నన్ను మధ్యలో కూర్చోబెట్టారు, ఇండియాలో ఎండ గురించి మళ్లీ ఎవరూ అడగలేదు. ఊళ్లో ఉన్న ఒక్క ఇండియన్ దుకాణంలో చింతపండు అయిపోయింది. పాలిటెక్నిక్‌లో చదివే మన కుర్రాళ్లు నెల రోజులు నిమ్మకాయ చారు తాగారు, ఆ ఉసురు నాకే తగిలి ఉంటుంది. జింక తొడను మా ఆవిడ గోంగూర డబ్బా విప్పి వండింది. పెద్దాయన ఈసారి వానలోకి పరుగెత్తకుండా రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఇక్కడితో ఆపొచ్చు. కాని రాసింది చదివి మా ఆవిడ కాగితాలు బల్ల మీద పెట్టి, "ఆ గురువారం సంగతి మాత్రం మార్చండి. పాపం ఆయన," అంది. అందుకని ఒప్పుకుంటున్నాను. లుంగీ నిజం. బొత్తాం నిజం. చింతపండు కరువు నిజం. కల్పించింది గురువారం సాయంత్రం ఒక్కటే.

ఆ రోజు పెద్దావిడ బజారుకి వెళ్లలేదు. నేను దిండుగలీబు విప్పి, "మా తాత," అని మొదలుపెట్టాను. అంతవరకే వచ్చింది. పెద్దాయన కత్తిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"వెనిగరా?"

"చింతపండు," అన్నాను.

"ఎంతసేపు?"

"ఒక పగలంతా. మధ్యలో వేడినీళ్లు కూడా."

ఆయన ఐస్ పెట్టె మీద కూలబడ్డాడు. తల వంచుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. ఒక ముసలాయన్ని ఏడిపించాననుకున్నాను. తల ఎత్తాక చూస్తే నవ్వుతున్నాడు, శబ్దం బయటికి రాకుండా.

"మా నాన్న నడుముకి ఉన్నప్పుడు ఇది ఇలాగే ఉండేది," అన్నాడు గొంతు తగ్గించి. "మాంసం, ఉల్లిపాయలు, ఆపిల్ పళ్లు, అన్నీ కోసి కోసి నల్లబడింది. ఈ నలుపే దానికి కోటు. నా పెళ్లైన కొత్తలో ఆవిడ నాకు సంతోషమవుతుందని రోజంతా కూర్చుని తెల్లగా తోమేసింది. అంత మురిసిపోతూ చూపిస్తే ఏం చెప్పమంటావ్? బాగుందన్నాను. అప్పట్నుంచి నేను కొండల్లో నలుపు చేసుకోవడం, ఆవిడ క్రిస్మస్‌కి తోమెయ్యడం. నలభై ఏళ్లుగా బాగుందంటూనే ఉన్నాను, మేట్."

అప్పుడే లోపలి తలుపు తెరుచుకుంది. పెద్దావిడ చేతిలో టీ కప్పులున్నాయి. ఈసారి కింద పెట్టలేదు.

"నా కత్తికి ఏమైంది?"

నేను నోరు తెరిచాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా నోట్లోంచి ఒక్క అబద్ధం కూడా రాలేదు. మాట్లాడింది పెద్దాయన.

"ఇండియన్ పద్ధతిలో నలుపు పెట్టాడు, లవ్. వీళ్ల తాత కమ్మరి. తొమ్మిది తరాలు."

నేను చెప్పింది ఏడే.

"వాళ్ల అడవిలో పులులుంటాయి. మెరిసే కత్తయితే పులికి మైలు దూరం నుంచి కనిపిస్తుంది. నలుపు పెట్టించుకోకుండా వెళ్లినవాళ్లు ఇద్దరు ఇప్పటిదాకా ఇంటికి రాలేదట. ఒకసారి పెట్టాక మళ్లీ తోమకూడదు. తోమితే పోతుంది, ఇక ఆ పద్ధతి పట్టదు." అంతా ఒక్క ఊపిరిలో, కనురెప్ప కదపకుండా.

పులి ఆయనది. తిరిగి రాని ఇద్దరూ ఆయనవాళ్లే. పైన నా పేరు మీద రాసుకున్నాను, మన్నించాలి. నేను చేసిందల్లా తల ఊపడం.

పెద్దావిడ కత్తి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. బొటనవేలితో ఆ నలుపును రుద్ది చూసింది. ఆయన్ని చూసింది, నన్ను చూసింది, మళ్లీ ఆయన మోకాళ్ల వైపు చూసింది.

"ఫియోర్డ్‌ల్యాండ్‌లో పులులా?" అంది.

"జింకలకి కూడా కళ్లుంటాయి కదా," అన్నాడాయన.

ఆవిడ ఆ కత్తిని తీసుకెళ్లి, సర్దుతున్న సంచీలో పైనే, చేతికందేలా తనే పెట్టింది.

"సరే. ఏ పులికీ కనపడకుండా ఇంటికి రా," అంది.